మూడు మోతలను ఒకటే అనుకున్నావు, తమ్ముడూ

ప్రశ్న: నమస్తే అన్నా. మాది కాజీపేట. బీటెక్ రెండో సంవత్సరం. మూడు సింగిల్ కాయిల్ పికప్‌లున్న ఎలక్ట్రిక్ గిటార్ కొని ఏడాదిన్నర అయింది. పోయిన నెల చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకొని ల్యాప్‌టాప్‌లో రికార్డింగ్ మొదలుపెట్టాను. వాయించకుండా ఉన్నా వెనక గుమ్మ్… అని మోత. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతుంది, తీస్తే మళ్లీ వస్తుంది. దానికి తోడు సన్నగా కీ… మని ఇంకొకటి. రికార్డ్ చేసింది వింటే మధ్యమధ్యలో టిక్కు టిక్కుమంటోంది. గదిలో ఫోమ్ షీట్లు అంటించాను, చిన్న చప్పుళ్లను కోసేసే నాయిస్ గేట్ పెట్టాను, లాభం లేదు. మా ఇల్లు రైలు పట్టాలకు దగ్గర, ఆ కరెంటు లైన్ల వల్లేనా? ల్యాప్‌టాప్ చార్జర్ ప్లగ్గుకు ఉండే లావు పిన్ను విరగ్గొడితే పోతుందని మా దోస్తు చెప్పాడు. చెయ్యమంటారా? లేక ఇంటర్‌ఫేసే మార్చాలా?

సమాధానం:

పిన్ను విరగ్గొట్టకు. ఈ ఒక్క మాట ముందు చెప్పేస్తున్నాను, ఎందుకన్నది కింద వివరంగా రాస్తాను. ఇంటర్‌ఫేస్ కూడా మార్చకు, కనీసం ఈ ఉత్తరం చదవడం అయ్యేదాకా.

నీకున్నది ఒక రోగం కాదు. గుమ్మ్ మనేది ఒకటి, కీ మనేది ఇంకొకటి, టిక్కు టిక్కు మూడోది. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి చుట్టరికం లేదు. మొదటిది గిటార్‌లోంచీ గోడలోంచీ వస్తోంది, రెండోది చార్జర్ దగ్గర, మూడోది ల్యాప్‌టాప్ లోపల. నువ్వు మూడింటికీ కలిపి ఒకే మందు వేశావు, అందుకే ఏదీ తగ్గలేదు. ఫోమ్ సంగతే చూడు. అది గదిలో గాలి ద్వారా గోడకు కొట్టుకొని తిరిగొచ్చే ధ్వని కోసం. నీ గిటార్ వైరు మీదుగా నేరుగా కంప్యూటర్‌లోకి వెళ్తోంది, మధ్యలో గాలే లేదు. గది నిండా పరుపులు కట్టినా వైరులో నడిచే మోతకు తెలియను కూడా తెలియదు.

ముందు మోత ఎక్కడ పుడుతోందో పట్టుకుందాం. దీనికి పైసా ఖర్చు లేదు, పావుగంట చాలు. సాఫ్ట్‌వేర్‌లో ఎఫెక్టులన్నీ తీసేసి, ఉత్త క్లీన్ ట్రాక్ ఒకటి పెట్టు. గిటార్ ఒళ్లో పెట్టుకొని, తీగలు ముట్టుకోకుండా 10 సెకన్లు రికార్డ్ చెయ్యి. తర్వాత గిటార్ మీది వాల్యూమ్ నాబ్ పూర్తిగా సున్నాకు తిప్పి ఇంకో 10 సెకన్లు. తర్వాత కేబుల్‌ను గిటార్ వైపు పీకి, ఆ కొస దేనికీ తగలకుండా పెట్టి 10 సెకన్లు. ఆఖరుకు కేబుల్‌ను ఇంటర్‌ఫేస్ నుంచి కూడా పీకేసి 10 సెకన్లు. ఇంటర్‌ఫేస్ గెయిన్ (వచ్చే ధ్వనిని పెంచే నాబ్) మాత్రం నాలుగుసార్లూ కదపొద్దు. అయిపోయాక హెడ్‌ఫోన్స్ పెట్టుకొని నాలుగూ వరుసగా విను.

వాల్యూమ్ సున్నా చెయ్యగానే గుమ్మ్ పోయిందంటే అది పికప్‌లు, అంటే తీగల కింద ఉండే అయస్కాంతపు కాయిళ్లు, పట్టుకొస్తున్న మోత. సున్నా చేసినా ఉండి, కేబుల్ మొత్తం పీకితే పోయిందంటే కేబుల్‌నో, గిటార్ జాక్‌నో అనుమానించాలి. మూడో రికార్డింగ్‌ను మాత్రం పెద్దగా పట్టించుకోకు. కొస వేలాడుతున్న కేబుల్ ఎంత మంచిదైనా యాంటెన్నా లాగా కాస్త బుర్రుమంటుంది. నాలుగోదాంట్లో కూడా కీ… వినిపిస్తే దానికి గిటార్‌తో సంబంధమే లేదు, ల్యాప్‌టాప్ వైపు వెళ్లాలి. రికార్డింగ్‌లో ఏమీ లేకుండా స్పీకర్లు తగిలించినప్పుడే మోత వస్తోందనుకో, అది రికార్డ్ అవ్వనే అవ్వడం లేదు, వినిపించే వైపు గొడవ. ఇది తెలియక పాపం చాలామంది గిటార్ విప్పేస్తారు.

నీ ఉత్తరాన్ని బట్టి గుమ్మ్ వాల్యూమ్ సున్నాతో పోతుందని నా అంచనా. దాని ఊరు పేరు తేల్చడానికి ఒక చిన్న చిట్కా ఉంది. రికార్డ్ చేసిన ఆ మోత ట్రాక్ మీద ట్యూనర్ ప్లగిన్ పెట్టి చూడు. ట్యూనర్ జీ చూపించి, ముల్లు కుడివైపు మూడింట రెండు వంతులు దాటి నిలబడితే అది కరెంటు మోతే. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, 50 హెర్ట్జ్. జీ స్వరం కింది స్థాయిలో 49, దానిపైన 98. కరెంటు మోత 50, 100, 150… ఇలా మెట్లు మెట్లుగా ఉంటుంది. అంటే జీ కంటే సుమారు 35 సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువ శ్రుతి. ఒక్కోసారి ట్యూనర్ 150 దగ్గరి మెట్టును పట్టుకొని డీ అంటుంది, అప్పుడూ ముల్లు అటే ఉంటుంది. ఇంకో మాట, నువ్వు యూట్యూబ్‌లో చూసేవి ఎక్కువగా అమెరికా వాళ్ల వీడియోలు. వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్. "60 దగ్గర కట్ చెయ్యండి" అని వాళ్లు చెబితే మనమూ 60 దగ్గరే కట్ చేసి, తగ్గలేదేంటని తల పట్టుకుంటాం.

తీగలు ముట్టుకుంటే మోత తగ్గుతోందన్నావు కదా. అది శుభవార్త. మన ఒళ్లే ఒక పెద్ద యాంటెన్నా. గోడల్లోని వైర్ల నుంచి వచ్చే మోతను ఒంటితో పట్టుకొని, ఒళ్లో ఉన్న గిటార్‌కు అంటిస్తాం. గిటార్ లోపల బ్రిడ్జి నుంచి జాక్ దాకా ఒక సన్నని వైరు ఉంటుంది. తీగలు ముట్టుకోగానే మనం ఆ వైరు ద్వారా గ్రౌండ్ అయిపోతాం, యాంటెన్నా పని చెయ్యడం మానేస్తుంది. అంటే నీ గిటార్‌లో ఆ వైరు సరిగానే ఉంది. ముట్టుకుంటే మోత పెరిగితేనే భయపడాలి. జాక్‌లో వైర్లు తిరగేసి సోల్డర్ చేశారనో, ఎర్తింగ్ తేడాగా ఉందనో అర్థం. ముట్టుకున్నప్పుడు వేళ్లకు జిల్లుమంటే ఇంకేం ఆలోచించకుండా అన్నీ ఆపెయ్యి.

తగ్గడం సరే, మొత్తం పోదెందుకంటే మిగిలేది అయస్కాంతపు మోత. సింగిల్ కాయిల్ పికప్ అంటే అయస్కాంతం చుట్టూ కొన్ని వేల చుట్లు తిరిగిన సన్నని రాగి తీగ. పైన గిటార్ తీగ కదిలితే ఆ చుట్లలో కరెంటు పుడుతుంది. పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా పుడుతుంది, దానికి గిటార్ తీగ, ట్రాన్స్‌ఫార్మర్ అన్న తేడా తెలియదు. గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ అనే ఇంజినీరు 1955లో హంబకర్‌కు పేటెంట్ దరఖాస్తు చేసింది ఈ బాధ పడలేకే. రెండు కాయిళ్లు పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని తిరగేసి చుట్టి, దాని అయస్కాంతాన్నీ తిరగేశాడు. బయటి మోత రెండింటిలోనూ ఎదురెదురుగా పుట్టి రద్దయిపోతుంది, గిటార్ ధ్వని మాత్రం కలుస్తుంది. నీ గిటార్‌లో హంబకర్ లేదు గానీ, ఐదు వరుసల స్విచ్ ఉంటే రెండో వరుసలో, నాలుగో వరుసలో పెట్టి విను. మధ్య పికప్‌ను తిరగేసి చుట్టిన గిటార్ అయితే ఆ రెండు చోట్లా మోత పడిపోతుంది. టోన్ కొద్దిగా మారుతుంది, కొందరికి అదే నచ్చుతుంది, నాకైతే నచ్చుతుంది.

ఇప్పుడు కుర్చీలో కూర్చొని గిటార్ పట్టుకొని మెల్లగా చుట్టూ తిరుగు. ఆగి ఆగి తిరుగు. ఒక దిక్కులో గుమ్మ్ బాగా పెరుగుతుంది, దానికి అడ్డంగా తిరిగితే దాదాపు మాయమవుతుంది. ఆ మాయమయ్యే దిక్కులో నేల మీద సుద్దతో గీత గీసుకో. నవ్వుకోకు, నా గదిలో ఇప్పటికీ ఉంది ఆ గీత. రికార్డ్ చేసేటప్పుడు కుర్చీ కాళ్లు గీత మీద పెడతాను. మా ఇంట్లో వాళ్లు అది ముగ్గు మొదలుపెట్టి వదిలేసిందనుకున్నారు. ల్యాప్‌టాప్‌కు, దాని చార్జర్ డబ్బాకు కనీసం ఒకటిన్నర మీటరు దూరం జరుగు. చార్జర్ డబ్బా చాలామంది కాళ్ల దగ్గరే, అంటే పికప్‌కు రెండడుగుల్లో పడేస్తారు.

మోత పెరిగిన దిక్కులో ఏముందో చూడు. హన్మకొండలో నేను అద్దెకున్న గదిలో మూడు వారాలు వేధించిన జుర్ర్‌మనే మోతకు నేను గిటార్‌ను తిట్టాను, ఇంటర్‌ఫేస్‌ను తిట్టాను, మా లైను మొత్తాన్నీ తిట్టాను. ఒకరోజు కరెంటు పనిలో మెయిన్ బోర్డు దగ్గర ఒక్కో ఫ్యూజు తీస్తుంటే తెలిసింది, అది పక్క గదిలో ఫ్యాన్ రెగ్యులేటర్. గుండ్రంగా ఎంతైనా తిప్పగలిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు అలను సెకనుకు 100 సార్లు మధ్యలో తెగ్గొట్టి వదులుతుంది. ఆ తెగే చోట పుట్టే మోత సాఫీగా గుమ్మ్ అనదు, తేనెటీగలా జుమ్మంటుంది. ట్యూబ్‌లైట్లు, కొన్ని చవక ఎల్‌ఈడీ బల్బులు, లైటు తగ్గించే డిమ్మర్లు కూడా ఈ కోవలోవే. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్‌లో ఫ్యాన్ ఆపుకొని గిటార్ వాయించమనడం పాపమే. కాబట్టి ఫ్యాన్ ఆపక్కర్లేదు, రెగ్యులేటర్ మార్చు. 1, 2, 3, 4 అని అంకెలుండి టక్ టక్ మని తిరిగే స్టెప్ రెగ్యులేటర్లలో కెపాసిటర్లు ఉంటాయి, అవి అలను తెగ్గొట్టవు. నువ్వు మైకు పెట్టడం లేదు గనుక ఫ్యాన్ గాలి చప్పుడు రికార్డ్‌లోకి రాదు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మోత గరగరగా మారుతోందా? పాతకాలపు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది. అలాంటప్పుడు రికార్డింగ్ ఆపి చాయ్ తాగడం తప్ప వేరే దారి లేదు.

ఇక రైలు పట్టాలు. పట్టాల పైన ఉండేది 25,000 వోల్టుల కరెంటు, అదీ 50 హెర్ట్జే. కాబట్టి చెవికి ఇంటి కరెంటు మోతకూ దానికీ తేడా తెలియదు. కానీ ఆ తీగలో కరెంటు ఎప్పుడూ ఒకేలా ఉండదు, ఇంజన్ లాగుతున్నప్పుడు పెరుగుతుంది, బండి వెళ్లిపోతే తగ్గుతుంది. కాజీపేట జంక్షన్‌లో నీకు రైళ్లకు కొదవ లేదు కదా, బరువైన గూడ్సు బండి కదిలేటప్పుడు ఒక నిమిషం, పట్టాలు ఖాళీగా ఉన్నప్పుడు ఒక నిమిషం రికార్డ్ చేసి పోల్చు. మోత బండితో పాటు పెరిగి తగ్గితే రైలును అనవచ్చు. రోజంతా ఒకేలా ఉంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. నా పందెం ఇంటి మీదే.

ఎర్తింగ్ దగ్గరికి వద్దాం, నువ్వడిగిన పిన్ను గొడవ ఇక్కడే ఉంది. మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను మిగతా రెండింటికంటే పొడుగ్గా ఉంటుంది, అది ముందు తగలాలని, చివర విడవాలని. నీ వేళ్లు గిటార్ తీగల మీద ఉంటాయి. తీగలు బ్రిడ్జికి, బ్రిడ్జి నుంచి వైరు జాక్‌కు, జాక్ నుంచి కేబుల్ పైపొర ఇంటర్‌ఫేస్‌కు, అక్కడి నుంచి యూఎస్‌బీ మీదుగా ల్యాప్‌టాప్‌కు, చాలా మూడు పిన్నుల చార్జర్లలో అక్కడి నుంచి ఆ లావు పిన్నుకు. అంటే నీ వేలికీ చార్జర్‌కూ మధ్య అంతా లోహమే. ఎప్పుడైనా చార్జర్ లోపల ఇన్సులేషన్ చెడి 230 వోల్టులు ఇవతలికి వస్తే, ఎర్త్ ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోయి ఫ్యూజో, ఎంసీబీయో ఎగిరిపోతుంది. పిన్ను విరిగి ఉంటే ఎగరడానికి ఏమీ లేదు, అది తీగల మీదికొచ్చి నీ చేతి కోసం ఎదురుచూస్తుంది.

మీ దోస్తు పూర్తిగా అబద్ధం చెప్పలేదు, ఎక్కడో విన్నదే చెప్పాడు. ఆంప్లిఫయర్ ఒక ప్లగ్గులో, కంప్యూటర్ ఇంకో ప్లగ్గులో పెట్టి రెండింటినీ ఆడియో కేబుల్‌తో కలిపితే, ఎర్త్‌కు రెండు దారులై మధ్యలో చుట్టు ఏర్పడుతుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు, గుమ్మ్ మంటుంది. ఒక పిన్ను తీసేస్తే చుట్టు తెగి మోత ఆగుతుంది, ప్రాణానికి ఉన్న అడ్డుగోడా పోతుంది. ఆ చుట్టును తెంచాల్సింది ఆడియో వైపు, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సుతో (ఆడియో వైరు మధ్యలో పెట్టే చిన్న డబ్బా). అయినా నీ దగ్గర ఆంప్లిఫయరే లేదు, లూపే లేదు. నీ సెటప్‌లో పిన్ను తీసేస్తే గుమ్మ్ ఇంకా పెరిగే అవకాశమే ఎక్కువ.

అసలు ప్రశ్న, మీ ఇంట్లో ఆ లావు రంధ్రం వెనక ఏమైనా ఉందా? ఫ్యాన్ రెగ్యులేటర్ దొరికిన రోజే మా ఎలక్ట్రీషియన్ నా టేబుల్ దగ్గరి స్విచ్ బోర్డు కూడా విప్పాడు. ప్లేటు వెనక దుమ్ము, సాలెగూడు, రెండు వైర్లు బుద్ధిగా బిగించి ఉన్నాయి. మూడోది, ఆకుపచ్చది, గోడ పైపులోంచి జానెడు బయటికొచ్చి, కొసను వెనక్కి మడిచి నల్ల టేపు చుట్టి ఉంది. టేపు కూడా ఎండి జిగురు పోయి ఊడి వస్తోంది. ఎర్త్ రంధ్రం స్క్రూ మీద ఇన్నేళ్లలో ఒక్క గీత పడలేదు, కొత్తదానిలా మెరుస్తోంది. ఇల్లు కట్టినప్పటి నుంచి ఎవరూ ఆ వైరు తగిలించలేదన్నమాట. అతను దాన్ని చెక్కి స్క్రూ కింద బిగించాడు, ఐదు నిమిషాల పని. ఆ సాయంత్రం రికార్డ్ చేస్తే మోత సగానికి పైగా పడిపోయింది.

మీ ఇంటికీ ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి రెండు విషయాలు చూడమను. నువ్వు రికార్డ్ చేసే బోర్డుకు ఎర్త్ వైరు ఉందా, బయటి ఎర్త్ గుంత బతికే ఉందా. ఓరుగల్లు పేరులోనే రాయి ఉంది. మన దగ్గర నాలుగడుగులు తవ్వితే బండ తగిలే చోట్లు బోలెడు. రాతి నేల కరెంటును సరిగా తీసుకోదు, అందుకే గుంతలో బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి పైపు దింపుతారు. ఎండాకాలం అది ఎండిపోతే ఎర్త్ ఉన్నా లేనట్టే, వారానికోసారి ఒక బకెట్ నీళ్లు పొయ్యాలి. బల్బు పెట్టి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య వెలిగించి చూసే పరీక్ష అతన్నే చెయ్యనివ్వు, నువ్వు చెయ్యకు. లీకేజీ బ్రేకర్ ఉన్న ఇల్లయితే ఆ పరీక్షకు అది టప్పున పడిపోతుంది, అది మంచిదే. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పు, "గుంత లేకపోతే న్యూట్రల్‌కే కలిపేస్తా సార్" అంటే ఒప్పుకోవద్దు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే ఇంట్లో ఇనుప వస్తువులన్నీ కరెంటు మీదికొస్తాయి.

ఎర్తింగ్ బాగై కూడా మోత కాస్త మిగిలితే, గిటార్ లోపల పికప్‌ల గుంతల్లో రాగి ఫాయిల్ టేపు అంటించి, దాన్ని గ్రౌండ్‌కు సోల్డర్ చెయ్యొచ్చు. ఒంటి నుంచి వచ్చే జుమ్మ్ బాగా తగ్గుతుంది. అయస్కాంతపు గుమ్మ్‌కు మాత్రం అది పని చెయ్యదు, దానికి సుద్ద గీతే. సోల్డరింగ్ అలవాటు లేకపోతే చేసేవాళ్లకివ్వు, పికప్ తీగ వెంట్రుకంత సన్నం.

కేబుల్ గురించి చిన్న కథ. ఓ దుకాణంలో "గిటార్ కేబులే" అని అంటగట్టింది ఒకటి నా దగ్గర ఉండేది. కదిపినా మోతే, కదపకపోయినా మోతే. విసుగొచ్చి బ్లేడుతో నిలువుగా కోసి చూశాను. మధ్యలో ఒక వైరు, దాని చుట్టూ జడలా అల్లిన రాగి పొర ఉండాలి. అందులో ఎరుపు, నలుపు రెండు వైర్లు పక్కపక్కన పడుకొని ఉన్నాయి, అంతే. అది స్పీకర్ వైరు, పైన నల్ల తొడుగు, రెండు కొసలకు జాకులు. చుట్టూ పొర లేని వైరు మోతను ఆపదు, పోగు చేస్తుంది. నీ కేబుల్ జాకు మరతో విప్పేదైతే విప్పి చూడు, వెంట్రుకల్లాంటి రాగి పోగులు మెలిపెట్టి పక్కకు సోల్డర్ చేసి ఉండాలి. ఆ పోగులు తెగి ఉన్నా ఇదే బాధ. మూడు మీటర్లది నీకు సరిపోతుంది.

కీ… మనే దానికి వద్దాం. చార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డ్ చెయ్యి. పోయిందా? నూటికి తొంభై పోతుందనే అనుకుంటున్నాను. మౌస్ కదిపినప్పుడు, పేజీ పైకీ కిందికీ జరిపినప్పుడు ఆ కీచు శ్రుతి మారుతోందేమో కూడా చూడు. మారితే అది ల్యాప్‌టాప్ లోపలి చప్పుడే యూఎస్‌బీ మీదుగా ఇంటర్‌ఫేస్‌లోకి కారుతోంది. చార్జర్ లోపల స్విచ్చింగ్ సర్క్యూట్ ఉంటుంది. అందులో ఒక చిన్న కెపాసిటర్ మెయిన్స్ వైపు నుంచి ల్యాప్‌టాప్ వైపుకు కాస్త కరెంటును వదులుతూ ఉంటుంది. ఎర్త్ లేనప్పుడు ఆ కాస్త కరెంటుకు దిగే చోటు ఉండదు. ఇనుప బాడీ ల్యాప్‌టాప్‌ను చార్జింగ్‌లో ఉండగా నిమిరితే అరచేతికి సన్నగా గరగరలాడినట్టు ఉంటుంది చూడు, టెస్టర్ పెడితే మసకగా వెలుగుతుంది, అదే ఇది. ఎర్తింగ్ బాగు చేయించుకున్నాక చాలామందికి ఇది కూడా తగ్గుతుంది. తగ్గకపోతే ఇంటర్‌ఫేస్‌ను ఇంకో యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూడు, సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెట్టి చూడు. ల్యాప్‌టాప్‌కూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్య కరెంటు దారిని విడదీసే యూఎస్‌బీ ఐసొలేటర్ అని ఒకటి అమ్ముతారు, చవకవి 12 మెగాబిట్ల వేగానికే పరిమితం, చాలా ఇంటర్‌ఫేసులు వాటి మీద పలకవు. కొనేముందు అది చూసుకో. నేనైతే ఇవేవీ కొనలేదు. ముందు చార్జింగ్ నింపి, రికార్డ్ చేసే అరగంట బ్యాటరీ మీద కానిచ్చి, మళ్లీ పెడతాను.

టిక్కు టిక్కు కరెంటు గొడవ కాదు, కంప్యూటర్ వెనకబడటం. ఒకే ముక్కను మూడుసార్లు ప్లే చెయ్యి. టిక్కు ప్రతిసారీ అదే చోట వస్తే అది రికార్డ్ అయిపోయింది, మళ్లీ వాయించాల్సిందే. ఒక్కోసారి ఒక్కో చోట వస్తే రికార్డింగ్ శుభ్రం, వినిపించడంలోనే తడబాటు. రెండింటికీ మందు బఫర్ సైజు. కంప్యూటర్ ధ్వనిని గుక్కలు గుక్కలుగా తీసుకుంటుంది, ఒక గుక్కలో ఎన్ని శాంపిళ్లన్నదే బఫర్ సైజు. గుక్క మరీ చిన్నదైతే అందుకోలేక ఒకటి వదిలేస్తుంది, అదే టిక్కు. నువ్వు 64లో పెట్టి ఉంటావు, ఆలస్యం తక్కువని అందరూ అదే చెబుతారు. 256కు పెంచు. 48,000 శాంపిల్ రేటు (సెకనుకు 48,000 శాంపిళ్లు) దగ్గర 256 అంటే ఒక వైపుకు 5.3 మిల్లీసెకన్లు. ఆ సమయంలో గాలిలో ధ్వని సుమారు ఆరడుగులు వెళ్తుంది. ఆరడుగుల అవతల ఉన్న ఆంప్‌తో వాయించినట్టే, అది ఎవరికీ ఇబ్బంది కాదు. రానూ పోనూ కలిపితే ఇంకొంచెం ఉంటుందనుకో. ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవరే వాడు, విండోస్ మామూలు డ్రైవర్ కాదు. విండోస్ సౌండ్ సెట్టింగుల్లోనూ, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ శాంపిల్ రేటు ఒకటే ఉండాలి, ఒకచోట 44,100, ఇంకోచోట 48,000 ఉంటే టిక్కులు రావచ్చు. రికార్డ్ చేసేటప్పుడు వైఫై, బ్లూటూత్ ఆపెయ్యి. అయినా వస్తే లేటెన్సీమాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పది నిమిషాలు నడిపితే ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో పేరుతో సహా చూపిస్తుంది, తరచుగా వైఫైదే అవుతుంది. అన్నట్టు, ఎప్పుడో ఒకసారి ఒకే ఒక్క టక్కు వస్తే అది ఫ్రిజ్ ఆన్ అవడమో, బోరు మోటరు స్టార్టరో కావచ్చు. ఫోన్ పక్కనుంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టు.

ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్ అనో, హై-జడ్ అనో బటన్ ఉంటుంది, నొక్కి ఉందా? గిటార్ పికప్‌కు దాదాపు పది లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ కావాలి. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే ధ్వని మొద్దుబారుతుంది, దాన్ని సరిచేయడానికి గెయిన్, ట్రెబుల్ పెంచుతావు, మోత కూడా పెరుగుతుంది. గిటార్ వాల్యూమ్ నిండా పెట్టి, నీకు చేతనైనంత గట్టిగా కొట్టినప్పుడు మీటరు మైనస్ 12 దగ్గర ఆగేలా గెయిన్ పెట్టు. 24 బిట్ రికార్డింగ్‌లో ఎర్రగీత దాకా నింపాల్సిన పని లేదు.

నువ్వు పెట్టిన నాయిస్ గేట్ ఎందుకు పని చెయ్యలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. డిస్టార్షన్ ప్లగిన్ చిన్న ధ్వనులను విపరీతంగా పెంచుతుంది. క్లీన్ ట్రాక్‌లో చెవికి అందని గుమ్మ్ దాని తర్వాత జనరేటర్‌లా మోగుతుంది. గేటు దాన్ని ఆపాలంటే అంత ఎత్తున పెట్టాలి, అప్పుడు స్వరం మెల్లగా సద్దుమణిగేటప్పుడు తోక కూడా తెగిపోతుంది. మోత ముప్పావు తగ్గాక గేటును డిస్టార్షన్ కంటే ముందు, తక్కువలో పెట్టు, హాయిగా పని చేస్తుంది. ఈక్యూతో (ఒక్కో స్థాయి ధ్వనిని విడిగా తగ్గించే ప్లగిన్‌తో) కోయాలనుకుంటే 70 హెర్ట్జ్ కిందంతా కొయ్యి. గిటార్ లావు తీగ స్వరం (E) 82.4, కాబట్టి నష్టం లేదు. 100 దగ్గర, 150 దగ్గర కూడా కోసే తెలివి చూపకు. లావు తీగ మీద మూడో ఫ్రెట్ 98, నాలుగో తీగ ఉత్తగా మీటితే 146.8. మోతతో పాటు జీ కార్డ్‌లో బలమంతా పోతుంది. ఇప్పటికే బాగా వాయించిన టేక్ ఏదైనా మోతతో పాడైపోయి ఉంటే, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్‌కు ముందు ఆ మోత ఒక్కటే ఉన్న రెండు మూడు సెకన్లు చూపించాలి. అందుకే ఇక నుంచి ప్రతి టేక్ మొదట్లో వాయించకుండా ఐదు సెకన్లు వదిలెయ్యి.

ఖర్చు లెక్కకొస్తే ముందు ఎలక్ట్రీషియన్, తర్వాత అవసరమైతే కేబుల్, తర్వాత రెగ్యులేటర్. ఇంటర్‌ఫేస్‌ను మార్చాలనుకుంటే, కొనేముందు దోస్తు దగ్గర ఒకటి తెచ్చుకొని అదే గది, అదే కేబుల్, అదే గిటార్‌తో ఆ నాలుగు రికార్డింగులూ మళ్లీ చెయ్యి. మోత అలాగే ఉంటే డబ్బు మిగిలినట్టే. ఫోమ్ షీట్లు మాత్రం పీకకు. జిగురుతో పాటు గోడ సున్నం ఊడొచ్చి ఇంటి ఓనరుతో ఇంకో పంచాయితీ. ఎప్పుడైనా అకూస్టిక్ గిటార్ మైకు ముందు వాయించినప్పుడు పనికొస్తాయి. ట్యూనర్‌లో జీ వచ్చిందో లేదో మాత్రం రాయి.